ఇంజిన్ లేని విమానానికి రెండు కోట్లా? పోటీ గ్లైడింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను దక్షిణ జర్మనీలో ఉంటాను. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా శని, ఆదివారాలు మాత్రం ఊరి బయట పచ్చిక మైదానంలో గడుస్తాయి. ఇంటికి ఫోన్ చేసినా, హైదరాబాద్ వచ్చినా, ఇక్కడి ఉగాది భోజనాల్లో కలిసినా అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు. అన్నిటికీ ఒకేచోట జవాబు రాసి పెడుతున్నాను. డబ్బు సంగతి చివర్లో దాచలేదు, మధ్యలోనే ఉంది. అందరూ అక్కడికే వస్తారని తెలుసు.

గ్లైడర్, సెయిల్‌ప్లేన్, పారాగ్లైడర్ అన్నీ ఒకటేనా?

కాదు. పారాగ్లైడర్ అంటే గుడ్డ రెక్క, కింద తాళ్లకు వేలాడే మనిషి. హ్యాంగ్ గ్లైడర్‌కి త్రికోణం చట్రం ఉంటుంది. మేం ఎగిరేది అచ్చం విమానమే: కాక్‌పిట్, కంట్రోల్ స్టిక్, పెడల్స్, చక్రం, తోక అన్నీ ఉంటాయి. రెక్కలు మాత్రం సన్నగా, విపరీతమైన పొడవుతో ఉంటాయి. గాలిలో ఎత్తు సంపాదించుకుంటూ గంటల తరబడి ఉండగల మంచి గ్లైడర్‌ని సెయిల్‌ప్లేన్ అంటారు. మామూలు మాటల్లో అందరం గ్లైడర్ అనే అంటాం.

ఇంజిన్ లేకుండా ఎలా ఎగురుతుంది? పడిపోదా?

మా నాన్న మొదటిసారి ఫోన్‌లో అడిగింది ఇదే. "ఇంజిన్ లేదంటున్నావు, మరి ఎట్టా ఉంటదిరా పైన?" అన్నారు. ఎండకు నేల వేడెక్కడం, వేడిగాలి లేవడం అంటూ ఏదో మొదలుపెట్టాను. సగంలోనే ఆపేసి, "అంటే గద్ద లాగా. రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ పైకి పోద్ది. అంతేగా?" అన్నారు. అంతే. నలభై ఏళ్లు పొలంలో తలెత్తి చూసిన మనిషికి నేను పాఠం చెప్పబోయాను.

ఇంకాస్త వివరంగా కావాలంటే: ఎండకు నేలంతా ఒకేలా వేడెక్కదు. దున్నిన పొలం, ఊరి ఇళ్ల కప్పులు, రాతి గుట్ట తొందరగా వేడెక్కుతాయి. చెరువు, తడి మడి నిదానంగా వేడెక్కుతాయి. బాగా వేడెక్కిన చోట గాలి పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. గ్లైడర్ తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కిందికే జారుతుంది, సెకనుకు సుమారు 0.6 మీటర్లు. అయితే ఆ గాలే సెకనుకు 3 మీటర్ల చొప్పున పైకి లేస్తుంటే లెక్క తేలిపోయినట్టే. థర్మల్‌లో చుట్లు తిరిగి ఎత్తు సంపాదించడం, ఆ ఎత్తుని ఖర్చు చేస్తూ ముందుకు పోవడం, మళ్లీ ఇంకో థర్మల్ వెతుక్కోవడం. ఆటంతా ఇదే. కొండవాలుకు గాలి కొట్టి పైకి లేచే చోట్లు, పర్వతాల వెనక గాలి అలలుగా లేచే చోట్లు కూడా ఉన్నాయి. ఆండీస్ పర్వతాల వెనక అలలమీద 2003లో క్లౌస్ ఓల్మన్ ఒక్క రోజులో 3,000 కిలోమీటర్లు దాటాడు. అవే ఆండీస్ మీద, అర్జెంటీనాలో పెర్లాన్ 2 అనే గ్లైడర్ 2018లో 76,000 అడుగుల ఎత్తు దాటింది. ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తుకి దాదాపు రెట్టింపు.

"గ్లైడ్ రేషియో 50" అంటే ఏమిటి?

ఒక మీటరు ఎత్తు పోగొట్టుకునేలోపు 50 మీటర్లు ముందుకు పోతుందని. లేచే గాలి, దిగే గాలి, ఎదురుగాలి ఏవీ లేవనుకుంటే, విజయవాడ మీద వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న గ్లైడర్ గుంటూరు చేరేసరికి ఇంకా 300 మీటర్లు మిగిలే ఉంటుంది. శిక్షణకు వాడే రెండు సీట్ల ఏఎస్‌కే 21కి ఈ అంకె 34. 1980ల నాటి ఎల్ఎస్4కి 40. ఇవాళ్టి 18 మీటర్ల రెక్కల గ్లైడర్లకు 50 పైన. ఇంకా పెద్ద రెక్కలైతే 60 కూడా దాటుతుంది. 34 నుంచి 40కి రావడం చవకే. 50 నుంచి 55కి వెళ్లాలంటే ఆస్తులు అమ్ముకోవాలి.

మొదట పైకి ఎలా చేరుస్తారు?

రెండు పద్ధతులు. మైదానం ఆ చివర వించ్ ఉంటుంది, అంటే పెద్ద ఇంజిన్‌తో తిరిగే డ్రమ్ము. కిలోమీటరు పొడవు తాడు చుట్టుకుంటూ గాలిపటాన్ని లాగినట్టు లాగుతుంది. అర నిమిషం పైచిలుకులో 400 మీటర్లు. కడుపులో పేగులు వీపుకి అంటుకుంటాయి. రెండోది ఏరోటో: చిన్న ఇంజిన్ విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్తుంది. వించ్‌కి పది యూరోల లోపే అవుతుంది, ఏరోటోకి 40 నుంచి 60. పోటీల్లో అందరినీ గంటలోపు పైకి పంపాలి కాబట్టి ఏరోటోనే వాడతారు.

పోటీ అంటే ఏం చేస్తారు? ఎవరు ఎక్కువసేపు ఉంటే వాళ్లేనా?

ఆ రోజులు ఎప్పుడో పోయాయి. 1920లో జర్మనీలోని వాసర్‌కుప్ప కొండమీద తొలి పోటీలు జరిగినప్పుడు నిమిషాలు లెక్కపెట్టేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మన్ల ఇంజిన్ విమానాలకు కళ్లెం వేసింది. కుర్రాళ్లు ఇంజిన్ లేనివి కట్టుకుని కొండెక్కారు. ఈ క్రీడ జర్మన్ల చేతిలో ఇంతగా ఎదగడానికి మూలం అదే.

ఇప్పుడిది పూర్తిగా రేసు. పొద్దున పది గంటలకు అందరినీ కూర్చోబెట్టి వాతావరణం చెప్పి, దారి ఇస్తారు: ఫలానా చోట మొదలు, ఫలానా చర్చి దగ్గర మలుపు, ఫలానా ఊరి మీదుగా వెనక్కి. మొత్తం 300 నుంచి 600 కిలోమీటర్లు. తక్కువ సమయంలో తిరిగొచ్చినవాళ్లు ఆ రోజు విజేత, గరిష్ఠంగా 1000 పాయింట్లు. మధ్యలో ఎక్కడో దిగిపోతే అప్పటిదాకా వెళ్లిన దూరానికి మాత్రమే పాయింట్లు. రెండు వారాల పోటీలో వాతావరణం కుదిరిన రోజుల్లో ఎగిరి, అన్ని పాయింట్లూ కలుపుతారు. ఒక్క రోజు పొలంలో దిగితే పది రోజుల కష్టం గోవిందా.

ఎవరు ముందు బయల్దేరితే వాళ్లకి లాభమా?

చాలాసార్లు నష్టం. బయల్దేరే గీత తెరిచాక ఎవరికి నచ్చినప్పుడు వాళ్లు బయల్దేరవచ్చు, గడియారం అప్పటినుంచి నడుస్తుంది. కాబట్టి వెనక బయల్దేరినవాడికి ముందువాళ్లు ఎక్కడ గిరికీలు కొడుతున్నారో కనిపిస్తుంది. వెతుక్కునే పని తప్పుతుంది. దీంతో అందరూ గీత వెనకే తిరుగుతూ "నువ్వు పో, నువ్వు పో" అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటారు. పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి ఎవరూ లేవకపోవడం గుర్తొస్తుంది నాకు. చివరికి ఒకరు కదిలితే ముప్పై గ్లైడర్లు ఒకేసారి వెంటపడతాయి. చూడ్డానికి బావుంటుంది. లోపల ఉంటే టెన్షన్. దీనికి విరుగుడుగానే అందరూ ఒకే క్షణంలో బయల్దేరే గ్రాండ్ ప్రీ పద్ధతి వచ్చింది.

వేగంగా వెళ్లడంలో తెలివి ఎక్కడుంది?

ఎంత వేగంగా పోతే అంత ఎత్తు కరుగుతుంది. నిదానంగా పోతే ఎత్తు మిగులుతుంది కానీ టైమ్ పోతుంది. మధ్యలో ఎక్కడ ఆగాలి? ముందు దొరకబోయే థర్మల్ ఎంత బలంగా ఉంటుందన్నదాన్ని బట్టి. అది గట్టిదని నమ్మకం ఉంటే ఎత్తుని ధారాళంగా ఖర్చుపెట్టి దూసుకుపోవచ్చు. బలహీనమైనదైతే పొదుపుగా పోవాలి. ఈ లెక్కని పైలట్లకు అలవాటు చేసింది అమెరికన్ పాల్ మెక్‌క్రెడీ. ఆయన 1956లో ప్రపంచ చాంపియన్. తర్వాత మనిషి కాలితో తొక్కి నడిపే విమానం కట్టి చూపించిందీ ఆయనే. ఈ రోజుకీ ప్రతి గ్లైడర్ కంప్యూటర్‌లో ఆయన పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. అక్కడ అంకె పెట్టేది కంప్యూటర్ కాదు, మనం. ముందున్న మబ్బుని చూసి ఆ అంకె సరిగ్గా ఊహించగలిగినవాడే చాంపియన్.

రెక్కల్లో నీళ్లు పోస్తారట, నిజమా?

నిజం. రెక్కల లోపల సంచులో ట్యాంకులో ఉంటాయి, 150 లీటర్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. బరువు పెరిగితే గ్లైడ్ రేషియో మారదు, కానీ అదే రేషియో ఇంకా ఎక్కువ వేగంలో దొరుకుతుంది. ఎండ గట్టిగా ఉన్నరోజు అది పెద్ద లాభం. థర్మల్స్ నీరసించాక నీళ్లు వదిలేస్తారు, దిగేముందు ఎలాగూ వదలాలి. పొద్దున్నే ఎయిర్‌ఫీల్డ్‌లో పైపు పట్టుకుని క్యూలో నిలబడి బిందెల లెక్కన రెక్కలు నింపుతుంటే మా ఊరి మున్సిపాలిటీ ట్యాంకర్ గుర్తొస్తుంది.

మలుపు తిరిగామని అబద్ధం చెప్పొచ్చుగా?

కుదరదు. గ్లైడర్‌లో సీలు వేసిన లాగర్ అనే పరికరం క్షణక్షణం జీపీఎస్ స్థానం, ఎత్తు రాస్తుంది. దిగాక ఆ ఫైలు ఇవ్వాలి. జీపీఎస్ రాకముందు మలుపు దగ్గర రెక్క వంచి కెమెరాతో కింద ఉన్న చర్చినో కూడలినో ఫొటో తీసేవాళ్లు. సాయంత్రం రీళ్లు కడిగి, న్యాయనిర్ణేతలు భూతద్దం పెట్టి చూసేవాళ్లు. ఫొటో మసకబారితే గెలిచిన రోజు కూడా పోయేదని పాతవాళ్లు ఇప్పటికీ ఏడుస్తూ చెబుతారు.

పెద్ద రెక్కలవాళ్లూ చిన్న రెక్కలవాళ్లూ కలిసి పోటీపడతారా?

లేదు, తరగతులున్నాయి. స్టాండర్డ్ (15 మీటర్లు, ఫ్లాప్స్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, ఉండవు), 15 మీటర్లు (ఫ్లాప్స్ ఉంటాయి), 18 మీటర్లు, రెండు సీట్ల 20 మీటర్లు, ఏ హద్దూ లేని ఓపెన్, చిన్నదైన 13.5 మీటర్లు, పాత గ్లైడర్ల కోసం క్లబ్ క్లాస్. ఆడవాళ్లకీ జూనియర్లకీ వేరే ప్రపంచ పోటీలున్నాయి. అసలు పోటీల్లోనూ ఆడవాళ్లు ఎగరవచ్చు.

సరే, ధర చెప్పండి.

లెక్క సులువుగా ఉండటానికి యూరోకి వంద రూపాయలు అనుకుందాం.

18 మీటర్ల తరగతిలో ప్రపంచ పోటీకి పనికొచ్చే కొత్త గ్లైడర్, అంటే ష్లైషర్ వాళ్ల ఏఎస్33, షెంప్-హిర్త్ వాళ్ల వెంటస్ 3, దక్షిణాఫ్రికా యోంకర్ వాళ్ల జేఎస్3 లాంటివి, చిన్న ఇంజిన్ (అవును, దాని సంగతి కింద ఉంది), పరికరాలు, ట్రెయిలర్, పన్ను అన్నీ కలుపుకుంటే రెండు లక్షల యూరోలు దాటుతుంది. అంటే రెండు కోట్ల పైమాటే. రెండు సీట్ల 20 మీటర్లది, ఓపెన్ క్లాస్‌ది మూడు లక్షల వైపు నడుస్తాయి. అదీ డబ్బు పట్టుకెళ్తే చేతికివ్వరు. అడ్వాన్స్ కట్టి ఏడాది, రెండేళ్లు, పేరున్న మోడల్ అయితే ఇంకా ఎక్కువ ఎదురుచూడాలి.

ఆ లెక్కలో గ్లైడర్ ఒక్కటే కాదు, దానితో కొనాల్సినవీ ఉన్నాయి. రెక్కలు విప్పి పెట్టుకునే పొడవాటి ట్రెయిలర్ పది వేల యూరోల పైన. మంచి ఫ్లైట్ కంప్యూటర్ కొన్ని వేలు. పారాచూట్ రెండు వేల చుట్టూ. పక్కవాడు గుద్దుకోకుండా హెచ్చరించే ఫ్లార్మ్ పరికరం వెయ్యి, ఆపైన. రెక్కల అంచుకి అంటుకున్న పురుగుల్ని గాల్లోనే తుడిచే చిన్న తీగల యంత్రం ఉంటుంది. దాని ధర విన్నరోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. పురుగులు తుడవడానికి!

అంత ఎందుకు? అదే డబ్బుకి రెండు మంచి బెంజ్ కార్లు వస్తాయిగా?

బెంజ్ కార్లు లక్షల సంఖ్యలో తయారవుతాయి. గ్లైడర్ పదుల్లో. పేరున్న కంపెనీ కూడా ఏడాది మొత్తానికి తయారుచేసేది మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పట్టేన్ని. రోబోలు పెట్టేంత సంఖ్య కాదు. రెక్క అచ్చులో మొదట తెల్ల గెల్‌కోట్ పూత కొడతారు, దానిమీద కార్బన్ గుడ్డ పొరలు చేత్తో పరిచి, రెజిన్ రాసి, పై సగం, కింది సగం విడిగా చేసి అతికిస్తారు. ఆ తర్వాత ఉప్పు కాగితం. ఒక వర్క్‌షాప్‌లో నేను కళ్లారా చూశాను: ఒకాయన పొడవాటి చెక్కకు తడిపి రుద్దే ఉప్పు కాగితం చుట్టి, రెక్క పొడవునా ఏటవాలుగా రుద్దుతూ, మధ్యమధ్యలో కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూస్తున్నాడు. "కంటికంటే చేతికే ముందు తెలుస్తుంది" అన్నాడు. వెంట్రుకంత ఎత్తుపల్లం కూడా గాలిని చెదరగొడుతుంది. ఒక గ్లైడర్ వెనక ఇలాంటి పనిగంటలు వెయ్యికి తక్కువ ఉండవు, అవీ జర్మన్ జీతాలతో.

పైగా కొత్త మోడల్ అంటే కొత్త అచ్చులు, రెక్క విరిగేదాకా వంచే పరీక్షలు, యూరప్ విమానయాన సంస్థ సర్టిఫికెట్. ఆ ఖర్చంతా పంచుకోవడానికి కొనేవాళ్లు వందా రెండొందల మంది. కంపెనీలు దోచేసుకుంటున్నాయని కొనేవాళ్లు గొణుగుతారు గానీ చరిత్ర అలా చెప్పదు. లిబెల్లె అనే గ్లైడర్ చేసిన గ్లాస్‌ఫ్లూగెల్ కంపెనీ 1982లో మూతబడింది. ఎల్ఎస్4ని వెయ్యికి పైగా అమ్మిన రోలాడెన్-ష్నైడర్ కూడా 2003లో దివాలా తీసింది. ఈ వ్యాపారంలో కోటీశ్వరులయ్యేవాళ్లు లేరు, కోటీశ్వరులుగా వచ్చేవాళ్లే.

చవక గ్లైడర్ చేసే ప్రయత్నం ఎవరూ చేయలేదా?

చేశారు, ఒకసారి కాదు. నాకు ఈ కథంటే చాలా ఇష్టం.

1950ల చివర్లో స్టాండర్డ్ క్లాస్ పెట్టిందే అందుకు. 15 మీటర్ల రెక్క, ఫ్లాప్స్ వద్దు, లోపలికి ముడుచుకునే చక్రం వద్దు, నీళ్లు వద్దు. క్లబ్బులు కొనుక్కోగలిగేలా ఉండాలి. రుడాల్ఫ్ కైజర్ చెక్కతో చేసిన కేఏ6 ఆ ఆశయానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది, 1958లో డిజైన్ బహుమతి కూడా కొట్టింది. తర్వాత ఫైబర్ గ్లాస్ వచ్చింది. ష్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 1957లోనే ఫీనిక్స్ అనే తొలి ఫైబర్ గ్లాస్ గ్లైడర్ ఎగరేశారు. చెక్క చేయలేని నున్నదనం దానితో వచ్చింది, ధరా పెరిగింది. ఆపైన "చక్రం ముడుచుకుంటే తప్పేంటి?" అన్నారు, ఒప్పుకున్నారు. "నీళ్లు పోస్తే ఏం?" అన్నారు, అదీ ఒప్పుకున్నారు. కట్నం వద్దంటూనే ఒక్కో లాంఛనం పెంచుకుంటూ పోయే సంబంధంలా, పేదవాడి తరగతి కాస్తా మిగతావాటి సరసన చేరింది.

1990ల్లో అంతర్జాతీయ సమాఖ్య మళ్లీ పట్టుబట్టింది. ఈసారి అందరూ ఒకే మోడల్ ఎగరాలి, ధర తక్కువుండాలి. డిజైన్ పోటీ పెట్టి పోలండ్ వాళ్ల పీడబ్ల్యూ-5ని ఎంచుకున్నారు, దానికి వరల్డ్ క్లాస్ అని పేరు పెట్టారు. గ్లైడ్ రేషియో 32. ముచ్చటైన బుల్లి గ్లైడర్, నేర్చుకునేవాళ్లకి సులువు. ఎందుకు నిలబడలేదంటే కొత్త పీడబ్ల్యూ-5 ధరకే సెకండ్ హ్యాండ్‌లో 38, 40 రేషియో ఉన్న జర్మన్ గ్లైడర్ దొరికేది. కొత్త నానో కారా, అదే డబ్బుకి పాత హోండా సిటీనా అన్నట్టు. జనం పాత హోండాకే ఓటేశారు. వరల్డ్ క్లాస్ మూతబడి, ఆ స్థానంలో 13.5 మీటర్ల తరగతి వచ్చింది.

చివరికి నిజంగా పనిచేసిన ఉపాయం కొత్త గ్లైడర్ కాదు, అంకగణితం. క్లబ్ క్లాస్‌లో ప్రతి మోడల్‌కీ హ్యాండిక్యాప్ అంకె ఇస్తారు, పాయింట్లు దాన్నిబట్టి సర్దుతారు. నీళ్లు పోయకూడదు. 1970ల నాటి లిబెల్లె, స్టాండర్డ్ సిర్రస్, 1980ల నాటి ఎల్ఎస్4 అన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. ఈ తరగతిలో ఇప్పుడు ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది, పోటీ గట్టిగా ఉంటుంది. అయితే హ్యాండిక్యాప్ పట్టికలో కాస్త "అనుకూలం" అని పేరుపడిన మోడల్స్ ధరలు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో లేస్తుంటాయి. చవక కోసం పెట్టిన చోటల్లా డబ్బు దారి వెతుక్కుంటుంది.

పాత గ్లైడర్‌తో కొత్తదాన్ని గెలవగలమా?

పైలట్ తేడా ఉంటే, హాయిగా. పోలండ్ డాక్టర్ సెబాస్టియన్ కావా పదికి మించి ప్రపంచ టైటిళ్లు గెలిచాడు, అదీ రకరకాల తరగతుల్లో, రకరకాల గ్లైడర్లలో. ఆయన్ని నా క్లబ్ పాత ముక్కలో కూర్చోబెట్టి, నన్ను రెండు కోట్లదాంట్లో కూర్చోబెట్టండి. మధ్యాహ్నానికి ఆయన ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటాడు, నేను ఎవరి పొలంలో ఉంటానో. కానీ సమానమైన ఇద్దరు పైలట్ల మధ్య, ఒకే తరగతిలో, 500 కిలోమీటర్ల దారిలో ఒక శాతం మెరుగైన రెక్క అంటే మూడు నిమిషాలు. ప్రపంచ పోటీల్లో మొదటి, అయిదో స్థానాల మధ్య తేడా అంతే. కొనేవాళ్లు ఆ మూడు నిమిషాల కోసం కొంటారు.

సెకండ్ హ్యాండ్ ధరలు ఎలా ఉన్నాయి? విలువ పడిపోదా?

స్టాండర్డ్ సిర్రస్, లిబెల్లె లాంటివి స్థితిని బట్టి 10 నుంచి 18 వేల యూరోలు. ఎల్ఎస్4 20 నుంచి 30 వేలు. ఎల్ఎస్8 అయితే 50 వేలు, అటూ ఇటూ.

ఇక్కడే అసలు ఆశ్చర్యం. కారు షోరూమ్ గేటు దాటగానే విలువ పోతుంది. గ్లైడర్‌కి ఇంజిన్ లేదు కాబట్టి అరిగేది తక్కువ. నలభై ఏళ్ల ఎల్ఎస్4ని మా క్లబ్ మిత్రుడు పదేళ్ల కింద కొన్న ధరకే మొన్న అమ్మాడు. మనవాళ్లు బంగారం గురించి మాట్లాడినట్టు ఇక్కడి పెద్దవాళ్లు పాత గ్లైడర్ల గురించి మాట్లాడతారు. ఒక్క జాగ్రత్త: గెల్‌కోట్. పాతబడితే బీటలు వారుతుంది. మొత్తం గీకి కొత్త పూత వేయించాలంటే చాలాసార్లు గ్లైడర్ ధరలో సగం, కొన్నిసార్లు గ్లైడర్ ధరంత. కొనేముందు రెక్కని ఎండలో ఏటవాలుగా చూడండి. నేను చూడలేదు. ఇద్దరితో కలిసి వాటాకి కొన్న మొదటి గ్లైడర్‌ని మబ్బు పట్టిన రోజు, హ్యాంగర్ చీకట్లో, అమ్మే ఆయన పోసిన కాఫీ తాగుతూ చూసి సరే అన్నాను. మే నెల ఎండ పడ్డాక రెక్క నిండా సన్న గీతలు, ఎండిన చెరువు అడుగులా. రెండు శీతాకాలాలు ముగ్గురం చేత్తో గీకాం.

ఏడాదికి ఎంత అవుతుంది?

క్లబ్ గ్లైడర్లే వాడితే నమ్మలేనంత తక్కువ. నాకు తెలిసిన జర్మన్ క్లబ్బుల్లో చందా ఏడాదికి కొన్ని వందల యూరోలు, పైకి లాగినందుకు విడిగా. శిక్షకులు జీతం తీసుకోరు. అందుకే చవక. బదులుగా మనం పనిచేయాలి: గడ్డి కోయాలి, వించ్ నడపాలి, చలికాలంలో గ్లైడర్లు విప్పి శుభ్రం చేయాలి. గంటలు రాసుకుంటారు, తగ్గితే డబ్బు కట్టాలి. ఇంట్లో చీపురు పట్టని వాడివి అక్కడ హ్యాంగర్ ఊడుస్తున్నావా అని మా ఆవిడ అడుగుతుంది. సమాధానం లేదు.

సొంతది ఉంటే ఇన్సూరెన్స్, ఏడాది తనిఖీ, ట్రెయిలర్ స్థలం కలిపి రెండు నుంచి నాలుగు వేల యూరోలు, గ్లైడర్ విలువని బట్టి. రెండు వారాల పోటీకి ఎంట్రీ ఫీజు, రోజూ ఏరోటో, పెట్రోల్, క్యాంపింగ్ కలిపితే ఇంకో రెండు వేలు అనుకోండి. అందుకే ఇక్కడ చాలామంది ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొంటారు. గొడవలు డబ్బు దగ్గర రావు, మంచి ఎండకాసిన శనివారం ఎవరిదన్న దగ్గర వస్తాయి.

మధ్యలో థర్మల్ దొరక్కపోతే?

పొలంలో దిగుతాం. ఇది ప్రమాదం కాదు, శిక్షణలో భాగం. 300 మీటర్లకు దిగేసరికి పొలం ఎంచుకుని ఉండాలి. కోసేసిన గోధుమ చేను మంచిది. పచ్చిక అనుకుని దిగితే మొక్కజొన్న కావచ్చు, అప్పుడు మనిషెత్తు పంటలో మునుగుతాం. గిత్తలున్న మేత భూమి అసలే వద్దు.

నా మొదటి 300 కిలోమీటర్ల ప్రయత్నంలో నాలుగు గంటలకు పలచటి ఎత్తు మబ్బు వచ్చి ఎండని కప్పేసింది. పది నిమిషాల్లో ఆకాశం చచ్చిపోయింది. ఒక కోసిన చేలో దిగాను. క్యానపీ, అంటే కాక్‌పిట్ మీది అద్దం మూత, తెరిచాక మొదట విన్నది మిడతల చప్పుడు. తర్వాత ట్రాక్టర్. రైతు దిగొచ్చి, ఇంజిన్ చెడిపోయిందా అని అడిగాడు. ఇంజిన్ లేదన్నాను. ఆయన గ్లైడర్ ముందుకీ వెనక్కీ ఒకసారి తిరిగి చూసి, మరి రేపు ఎలా వెళ్తావన్నాడు. రెండు గంటలకు మిత్రుడు ట్రెయిలర్ తెచ్చాడు. ఆ ఇంటి పిల్లలు రెక్క చివర పట్టుకుంటే విప్పి లోపల పెట్టాం. తెచ్చినవాళ్లకి రాత్రి భోజనం దిగినవాడే పెట్టించాలన్నది ఇక్కడి ఆచారం. అతను స్టీక్ చెప్పాడు, రెండు బీర్లు కూడా.

ఇప్పుడు గ్లైడర్లకీ ఇంజిన్లు వస్తున్నాయిగా?

అవును, ఈ పొలం తిప్పలు తప్పించుకోవడానికే. వీపు మీంచి లేచే చిన్న పెట్రోల్ ఇంజిన్, ముక్కు దగ్గర మడిచి పెట్టుకునే ఎలక్ట్రిక్ ప్రొపెల్లర్, కొన్నిటికి బుల్లి జెట్ కూడా. ధరకు పదుల వేల యూరోలు కలుస్తాయి. పోటీలో ఇంజిన్ వేస్తే లాగర్ శబ్దాన్ని పట్టేస్తుంది, అక్కడే దిగిపోయినట్టు లెక్క. ఇంటికి మాత్రం చేరతాం, స్టీక్ డబ్బులు మిగులుతాయి.

ప్రమాదం ఎంత?

ఉంది, తేలిగ్గా తీసిపారేయను. ఒకే థర్మల్‌లో ఇరవై గ్లైడర్లు తిరిగితే గుద్దుకునే అవకాశం ఉంటుంది. ఆలస్యంగా పొలం ఎంచుకోవడం, కొండవాలుకి మరీ దగ్గరగా పోవడం మిగతా పాపాలు. అందుకే పారాచూట్ కట్టుకుంటాం, 2004లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఫ్లార్మ్ ఇప్పుడు దాదాపు అందరి దగ్గరా ఉంది. ఇంజిన్ లేకపోవడం మాత్రం ప్రమాదం కాదు. లేనిది చెడిపోదుగా.

ఆరు గంటలు కూర్చుంటే మరి... ఒంటేలు?

అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. మగవాళ్లు సంచీ గానీ, బయటికి పోయే గొట్టం గానీ వాడతారు. ఆడవాళ్లు పెద్దల డైపర్లు గానీ, వాళ్ల కోసం చేసిన పరికరాలు గానీ వాడతారు. నీళ్లు తాగడం మానేయడం మాత్రం తప్పు. వడదెబ్బ లాగా తల దిమ్మెక్కి, ఆఖరి గంటలో తప్పుడు నిర్ణయాలు తీసుకుంటాం.

గెలిస్తే ఎంత డబ్బు వస్తుంది? ఒలింపిక్స్‌లో ఉందా?

చెప్పుకోదగ్గ డబ్బేమీ రాదు. కప్పు, పతకం, చప్పట్లు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఇచ్చారు, 1940కి క్రీడగా చేర్చాలనుకుని అందరికీ ఒకే గ్లైడర్ కూడా ఎంచుకున్నారు. యుద్ధం వచ్చింది, ఒలింపిక్సే జరగలేదు.

ఇండియాలో గ్లైడర్లు లేవా?

ఉన్నాయి, పేర్లు చూస్తే మీకే ముచ్చటేస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక పౌర విమానయాన శాఖ టెక్నికల్ సెంటర్ వాళ్లు సొంతంగా గ్లైడర్లు డిజైన్ చేసి నక్షత్రాల పేర్లు పెట్టారు: అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. అన్నీ పంచాంగంలో వరసగా వచ్చే పేర్లే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ ఎండే థర్మల్స్‌కి అమ్మలాంటిది. పేరు పెట్టినవాళ్లకి ఆ సంగతి తెలిసే ఉంటుందని నా ఊహ. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేసిన ఒకప్పటి కుర్రాళ్లు కొందరు వీటిలోనే మొదటిసారి గాల్లోకి లేచారు. పుణె దగ్గర హడప్సర్‌లో ప్రభుత్వ గ్లైడింగ్ కేంద్రం ఉంది, ఐఐటీ కాన్పూర్‌లోనూ గ్లైడర్లు ఎగిరాయి. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. పొలాల మీదుగా వందల కిలోమీటర్ల రేసులు మాత్రం మన దగ్గర వేళ్లూనలేదు.

మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

యూరప్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు దగ్గర్లోని క్లబ్‌కి ఒక ఆదివారం వెళ్లండి. కొద్ది డబ్బుకి రెండు సీట్లదాంట్లో తిప్పుతారు. జర్మనీలో పద్నాలుగేళ్లకే ఒంటరిగా ఎగరనిస్తారు, లైసెన్స్ పదహారుకి. ఇంట్లో కుర్రాళ్లుంటే కారు కంటే ముందు ఇది నేర్పించవచ్చు. క్లబ్ దూరమైతే కాండోర్ అనే సిమ్యులేటర్ ఉంది, కొన్ని వేల రూపాయలు, ఒక జాయ్‌స్టిక్. థర్మల్స్, పోటీలు అన్నీ అసలు లెక్కల ప్రకారమే. చలికాలం రాత్రుల్లో నిజమైన చాంపియన్లు కూడా అందులో పోటీపడుతుంటారు. నన్ను చాలాసార్లు పదిహేనేళ్ల పిల్లలు ఓడించారు.

అంత ఖరీదైన కాక్‌పిట్ ముందు ఆ ఎర్ర దారం ఏమిటి?

ఫొటోల్లో చూసి చాలామంది అడిగారు. క్యానపీ అద్దం మీద, బయటివైపు, టేపు ముక్కతో అంటించిన ఊలు దారం. గ్లైడర్ గాలిలో తిన్నగా పోతుంటే దారం కూడా తిన్నగా వెనక్కి ఉంటుంది, పక్కకి జారుతుంటే దారం పక్కకి తిరుగుతుంది. దీనికంటే తొందరగా, తప్పులేకుండా ఆ సంగతి చెప్పే పరికరం ఇంతవరకూ రాలేదు. రెండు కోట్ల జేఎస్3లోనూ అదే దారం, మా నలభై ఏళ్లదానిలోనూ అదే. మాది పోయినేడు తెగిపోతే మా ఆవిడ స్వెట్టర్ అల్లుకుంటున్న ఉండలోంచి జానెడు తెంపుకెళ్లాను.